బెంగళూరు నుంచి డిసెంబర్ ఆల్ప్స్ టూర్: టూర్ మేనేజర్‌కి నూటికి నూరు, ప్రోగ్రాంకి సగమే

డిసెంబర్‌లో అమ్మానాన్నల్ని తీసుకుని ఇక్కడి ఒక గ్రూప్ టూర్ కంపెనీతో స్విట్జర్లాండ్, ఆస్ట్రియా వెళ్ళొచ్చాం. ఆఫీసు జయనగర్ వైపు. పేరు రాయట్లేదు, ఎందుకంటే నేను చెప్పబోయే లోపాలు ఈ ఒక్కళ్ళవే కావు, బుక్ చేసే ముందు తెప్పించుకున్న మిగతా కంపెనీల బ్రోషర్లు మళ్ళీ తీసి చూస్తే వాటిల్లోనూ అవే ఉన్నాయి. ముందే చెప్పేస్తున్నా, పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళకి ఈ టూర్ డబ్బుకి తగినదే. భోజనం, మనుషులు, కొండల మీద చూసుకున్న తీరు చాలా బాగున్నాయి. కానీ జూన్‌లో నడిపే ప్రోగ్రాంనే తేదీలు మార్చి డిసెంబర్‌లో పెట్టేశారు. అక్కడే ఇబ్బందంతా వచ్చింది.

జూన్‌లో ఇంటర్‌లాకెన్‌లో రాత్రి తొమ్మిది దాటినా వెలుతురు ఉంటుంది. డిసెంబర్ మధ్యలో ఎనిమిది దాటితేగానీ తెల్లారదు, నాలుగున్నర, నాలుగూ ముప్పావుకల్లా సూర్యుడు దిగిపోతాడు, చుట్టూ కొండలు కాబట్టి ఎండ అంతకన్నా ముందే పోతుంది. అంటే కొండ చూడ్డానికి మధ్యాహ్నం ఆ కాసేపే. ఊరు చూడ్డానికి మాత్రం చీకటి పడ్డాకే బాగుంటుంది, వీధి దీపాలూ క్రిస్మస్ మార్కెట్లూ అప్పుడే కదా! కాబట్టి పగలంతా కొండలకి, సాయంత్రం ఊళ్ళకి ఇవ్వాలి. మా ప్రోగ్రాంలో చాలా రోజులు దీనికి సరిగ్గా తిరగేసి ఉన్నాయి. మధ్యాహ్నం ఊళ్ళో తిప్పి, నాలుగింటికి బస్సెక్కించి, ఊరి బయట హైవే పక్క హోటల్లో దించేవాళ్ళు. ఐదింటికల్లా చిమ్మచీకటి, బయట మంచు, నడిచి వెళ్ళడానికి ఒక్క కొట్టు లేదు. వేసవిలో ఊరి బయట హోటల్ ఇచ్చినా నష్టం తెలియదు, చలికాలంలో అదే హోటల్ సాయంత్రాలన్నీ మింగేస్తుంది.

లూసర్న్‌లో ఇదే జరిగింది. పన్నెండింటికి చేరాం, సింహం బొమ్మ చూశాం. 1792లో పారిస్‌లో రాజమహల్ కాపలా కాస్తూ చనిపోయిన స్విస్ సైనికుల గుర్తుగా కొండరాయిలోనే చెక్కారు. వీపులో విరిగిన బల్లెం, ఒరిగిపోయిన తల, చూస్తుంటే మనసు బరువెక్కుతుంది. తర్వాత చాపెల్ బ్రిడ్జి. పద్నాలుగో శతాబ్దం నాటి చెక్క వంతెన, 1993 ఆగస్టులో తగలబడిపోతే ఏడాది తిరక్కుండా మళ్ళీ కట్టేశారు. పైకప్పు కింద వరసగా మూడు మూలల బొమ్మలు ఉంటాయి, చాలామటుకు ఆ మంటల్లోనే పోయాయి, మాడిన ఆనవాళ్ళు ఇప్పటికీ కనిపిస్తాయి. మేము వంతెన దాటుతుండగానే నది ఒడ్డున ఒక్కొక్క దీపం వెలగడం మొదలైంది, సరిగ్గా అప్పుడే బస్సు దగ్గరికి రమ్మన్నారు. అమ్మ అయితే వెనక్కి తిరిగి తిరిగి చూస్తూ వచ్చింది.

దీనికి డ్రైవర్‌ని అంటే లాభం లేదు. మా గ్రూపులో కొందరు ఆయనతో గొడవపడ్డారు, నాకది నచ్చలేదు. యూరప్‌లో బస్సు డ్రైవర్‌కి నాలుగున్నర గంటలు నడిపాక 45 నిమిషాలు విశ్రాంతి తప్పనిసరి, రోజు మొత్తమ్మీద మామూలుగా తొమ్మిది గంటలకి మించి నడపకూడదు, రాత్రి 11 గంటల విశ్రాంతి ఇవ్వాలి. బండిలో ఉన్న యంత్రంలో అంతా రికార్డవుతుంది, తప్పితే జరిమానా. ఇంకో గంట ఆగమని ఆయన్ని బతిమాలే బదులు కంపెనీవాళ్ళు ఊళ్ళోనే హోటల్ ఇస్తే సాయంత్రం బస్సుతో పనే ఉండదు. ఊళ్ళో హోటలంటే ఖరీదే, ఒప్పుకుంటాను. కానీ మనిషికి మూడు లక్షలు దాటే ప్యాకేజీలో ఆ తేడా చెప్పి అడిగితే కట్టేవాళ్ళమే, మాలాంటివాళ్ళు గ్రూపులో ఇంకా ఉన్నారు.

ఇక లూసర్న్ దగ్గరి పిలాటస్ కొండ. నాన్న గుంతకల్ రైల్వే డివిజన్‌లో పనిచేసి రిటైరయ్యారు, ఆయన ఈ టూర్‌కి ఒప్పుకున్నదే బ్రోషర్‌లో ఎర్ర రంగు పళ్ళ చక్రం రైలు (పట్టాల మధ్య కడ్డీకున్న పళ్ళని పట్టుకుని ఎక్కేది) బొమ్మ చూసి. ప్రపంచంలో అంత నిటారుగా ఎక్కే పళ్ళ చక్రం రైలు ఇంకోటి లేదు, 1889 నుంచి నడుస్తోంది, నూరు మీటర్లు ముందుకు పోతే 48 మీటర్లు పైకెక్కుతుంది. మన కాజిల్‌రాక్ ఘాట్‌లో 37 మీటర్లకి ఒక్క మీటరు, దానికే వెనక ఇంకో ఇంజన్ పెట్టి తోస్తారని నాన్న బస్సులో అందరికీ చెబుతున్నారు. తీరా అక్కడికెళ్తే ఆ రైలు చలికాలం నడవదు. ఏటా దాదాపు మే నుంచి నవంబర్ దాకానే, ఆ నిటారు పట్టాల మీద మంచు పడితే నడపడం కుదరదు. ఇది ఎవరికీ తెలియని రహస్యమేం కాదు, వాళ్ళ టైంటేబుల్లోనే ఉంటుంది. డిసెంబర్ టూర్ బ్రోషర్‌లో ఆ బొమ్మ వెయ్యడం తప్పు. రెండో వైపు క్రీన్స్ అనే చోటు నుంచి కేబుల్ కార్లో తీసుకెళ్ళారు, ముందు చిన్న డబ్బాలు, తర్వాత పెద్ద క్యాబిన్. ఆ ప్రయాణం బాగుంది, కాదనను, కింద దేవదారు చెట్లన్నీ మంచు మోస్తూ ఉన్నాయి. కానీ నాన్న మాత్రం పైకెళ్ళాక మంచులో కూరుకుపోయిన ఆ పట్టాలనే చూస్తూ నిలబడ్డారు.

లాటర్‌బ్రునెన్ లోయలో కొండ లోపల దూకే ట్రూమెల్‌బాక్ జలపాతాలు కూడా ఇలాగే, ప్రోగ్రాంలో ఉన్నాయి, చలికాలం మూసేస్తారు. దాని బదులు మాకు దక్కింది ఇంటర్‌లాకెన్‌లో ‘షాపింగ్ టైమ్’.

ఇప్పుడు టూర్ మేనేజర్ గురించి. బళ్ళారి ఆయన, కన్నడ, తెలుగు రెండూ సొంత భాషల్లాగే మాట్లాడతారు. యుంగ్‌ఫ్రావ్‌యోక్ అనే కొండ మీది స్టేషన్‌కి వెళ్ళడం ప్రోగ్రాంలో మర్నాటికి ఉంది, ఆ రోజుకి బెర్న్ ఊరు. పొద్దున టిఫిన్ దగ్గర కిటికీలోంచి చూస్తే ఎదురు రోడ్డు కూడా కనిపించడం లేదు, అంత పొగమంచు. ఆయన ట్యాబ్ తీసుకుని బల్ల బల్ల దగ్గరికీ వచ్చి, "బెర్న్ రేపు చూద్దాం, ఇవాళ కొండకే పోదాం" అన్నారు. అమ్మ ఊరుకోలేదు. "ఏం బాబూ, కింద మనిషికి మనిషి కనపడట్లేదు, ఆ పైకెళ్ళి ఏం చూస్తాం?" అంది. ఆయన ట్యాబ్ అమ్మ చేతికిచ్చారు. "అమ్మా, ఇది కొండ మీద కెమెరా, ఇప్పుడు పైన ఎలా ఉందో అదే. మబ్బు మన నెత్తి మీద మూతలా ఉంది, దాని పైన ఎండే. రేపు గాలి మారుతుందట, పైన కూడా మూసుకుపోవచ్చు." తెర మీద నీలం ఆకాశం, కింద దూది పరిచినట్టు మబ్బు. చలికాలం అక్కడ లోయల్లో చల్లగాలి బరువుగా అడుగున నిలిచిపోతుంది, దాని మీద పొగమంచు మూతపడుతుంది, పైకెక్కితే ఎండ. కింద ఉండి చూసి "వాతావరణం బాలేదు" అనుకుంటే ఆ రోజు పోయినట్టే. ఆయన టికెట్ల కోసం, బస్సు కోసం అరగంట ఫోన్ల మీదే ఉన్నారు. ఆఫీసు వాళ్ళు మొదట ఒప్పుకోలేదని ఆయన మొహం చూస్తేనే అర్థమైంది. ఆయన పట్టుబట్టారు కాబట్టి ఆ రోజు మాకు దక్కింది. మర్నాడు అదే కెమెరాలో తెల్లటి తెర తప్ప ఏమీ లేదు.

గ్రిండెల్‌వాల్డ్ నుంచి ఐగర్ ఎక్స్‌ప్రెస్ అనే కేబుల్ కార్, 2020 డిసెంబర్‌లో మొదలైంది, పావుగంటలో ఐగర్ గ్లేసియర్ స్టేషన్‌కి చేరుస్తుంది. సగం దారిలో మబ్బు లోంచి ఒక్కసారిగా బయటపడ్డాం. క్యాబిన్‌లో అందరూ ఒకేసారి "అబ్బా!" అన్నారు. ఎదురుగా ఐగర్ కొండ గోడ నిలువునా. అక్కడి నుంచి రైలు, ఎక్కువ భాగం కొండ లోపల సొరంగంలోనే. పిలాటస్ దగ్గర పడ్డ దిగులంతా నాన్నకి ఇక్కడ పోయింది. అడాల్ఫ్ గుయర్ జెల్లర్ అనే వ్యాపారి తలపెట్టి 1896లో పని మొదలుపెట్టించాడు, మూడేళ్ళకే చనిపోయాడు, రైలు పైదాకా చేరేసరికి 1912 అయింది. ఇదీ మన ఊటీ బండిలాగే మీటర్ గేజే, పళ్ళ కడ్డీ పట్టుకునే ఎక్కుతుంది. ఊటీ పాత ఇంజన్లు స్విట్జర్లాండ్‌లోని వింటర్‌తూర్‌లో తయారైనవేనని, ఊటీ దారిలోని పళ్ళ కడ్డీ పద్ధతి కూడా రోమన్ ఆబ్ట్ అనే స్విస్ ఇంజనీరుదేనని నాన్న చెబుతుంటే మా మేనేజర్ కూడా శ్రద్ధగా విన్నారు.

పైన స్టేషన్ 3,454 మీటర్లు. మన బెంగళూరే 900 మీటర్ల ఎత్తు కదా అని ధీమాగా వెళ్ళకండి, అక్కడ గాలి పీడనం సముద్రమట్టంతో పోలిస్తే మూడింట రెండు వంతులే. నాలుగు మెట్లు గబగబా ఎక్కితే తల తిరుగుతుంది. మేనేజర్ రైల్లోనే అందరికీ చెప్పారు, మెల్లగా నడవండి, నీళ్ళు తాగుతూ ఉండండి, తల పట్టేస్తే దాచకుండా చెప్పండి అని. అమ్మకి కాస్త ఆయాసం వస్తే ఆయనే కూర్చోబెట్టి టీ తెచ్చిచ్చారు, అరగంటకి తేరుకుంది. ఆ తర్వాత బయటి డెక్ మీద నిలబడి ఆలెచ్ హిమనదం చూశాం. ఆల్ప్స్‌లో అన్నిటికన్నా పొడవైనది, 20 కిలోమీటర్లకి పైనే. రెండు కొండల మధ్య తెల్లటి రోడ్డులా వంపు తిరిగి కనపడకుండా పోతుంది, మధ్యలో సన్నటి నల్ల గీతలు, అవి కొండ రాలిన రాళ్ళట. ఏటా కరిగి తగ్గిపోతోందని పక్కన బోర్డుల్లో పాత ఫొటోలు పెట్టారు. చూడదలుచుకున్నవాళ్ళు ఇంకో పదేళ్ళని వాయిదా వెయ్యకండి.

టిట్లిస్ కొండ గురించి ఎక్కువ రాయను. తిరిగే కేబుల్ కార్ బాగుంది, 3,020 మీటర్ల దగ్గర దిగాక గాలి విపరీతంగా ఉండటంతో వేలాడే వంతెన మూసేశారు, అది ఎవరి చేతిలోనూ లేదు. లీచ్‌టెన్‌స్టెయిన్ అనే చిన్న దేశపు రాజధాని వాడుట్స్ మాత్రం ప్రోగ్రాం లోంచి తీసేయాలి. ఇంకో దేశం చూశామని చెప్పుకోవడానికి తప్ప చలికాలంలో అక్కడ బస్సు దిగి ఎక్కడానికి పగటి వెలుతురు తగలేయడం అన్యాయం. ఆ గంట ఇన్స్‌బ్రుక్‌కి ఇచ్చి ఉంటే ఎంత బాగుండేది.

ఎందుకంటే ఈ టూర్ మొత్తంలో నాకు బాగా నచ్చిన ఊరు ఇన్స్‌బ్రుక్. స్విట్జర్లాండ్ వైపు నుంచి వెళ్తే దాదాపు 14 కిలోమీటర్ల ఆర్ల్‌బెర్గ్ సొరంగం దాటాక ఆస్ట్రియాలోని టిరోల్ రాష్ట్రం మొదలవుతుంది. ఊరు లోయలో, రెండు పక్కలా కొండలు, ఏ వీధి చివర చూసినా మంచు శిఖరమే. 1964లోనూ 1976లోనూ వింటర్ ఒలింపిక్స్ ఇక్కడే జరిగాయి. హోటల్ మామూలుగానే ఊరి బయట. మేనేజర్ కాగితం మీద సిటీ బస్సు దారి గీసిచ్చి, "భోజనం అయ్యాక ఓపిక ఉంటే వెళ్ళి రండి" అన్నారు, వెళ్ళాం. పాత ఊళ్ళో బంగారు కప్పు అనే మేడ ఉంది, మాక్సిమిలియన్ చక్రవర్తి కట్టించినది, 1500లో పూర్తయిందట. బంగారు పూత పూసిన రాగి పలకలు 2,657. దాని కిందే క్రిస్మస్ మార్కెట్, మేడ మీద నిలబడి బూరలు ఊదుతున్నారు. వేడివేడిగా కాల్చిన చెస్ట్‌నట్ కాయలు కొన్నాం, తొక్క తీసి తింటే అచ్చం నిప్పుల్లో కాల్చిన చిలగడదుంప రుచి. అమ్మకి తెగ నచ్చాయి. మద్యం తాగనివాళ్ళకి పిల్లల పంచ్ అని పళ్ళరసం, మసాలా వేసి వేడి చేసిస్తారు. కప్పుకి డిపాజిట్ తీసుకుంటారు, తిరిగిస్తే డబ్బులిచ్చేస్తారు. చాలా ఊళ్ళలో ఈ మార్కెట్లు క్రిస్మస్‌కి ముందే ఎత్తేస్తారు, కాబట్టి సెలవులని 26న బయల్దేరే బ్యాచ్ తీసుకుంటే ఇవి చాలామటుకు ఉండవు. సాల్జ్‌బర్గ్‌లో పెద్ద మార్కెట్ మాత్రం జనవరి ఒకటి దాకా ఉంటుంది.

మర్నాడు గ్రూపంతా వాటెన్స్‌లో క్రిస్టల్ మ్యూజియంకి వెళ్తే, మేనేజర్‌కి చెప్పి నాన్నా నేనూ నోర్డ్‌కెట్టె కొండకి వెళ్ళాం. ఇది ప్యాకేజీలో లేదు, టికెట్ మేమే కొనుక్కున్నాం. ఊరి నడిబొడ్డున రైలెక్కాలి, 2007లో వచ్చిన ఆ స్టేషన్లు జహా హదీద్ డిజైన్ చేసినవి, కరిగి జారుతున్న మంచులా గాజు కప్పులు. పైన రెండు కేబుల్ కార్లు మారితే 2,256 మీటర్లు. బజార్లో నిలబడ్డ మనిషి అరగంటలో శిఖరం దగ్గర ఉంటాడు. కింద ఇన్ నది, విమానాశ్రయం రన్‌వే, చర్చి గోపురాలు, అన్నీ వేలితో చూపించవచ్చు. వెనక్కి తిరిగితే ఒక్క ఇల్లు లేదు, మంచు కొండలే. ఊరూ కొండా ఒకే చోట ఇలా దొరికే సంగతి బ్రోషర్‌లో ఒక్క ముక్క లేకపోవడం నాకు ఇప్పటికీ అర్థం కాదు.

సాల్జ్‌బర్గ్ రోజంతా ముసురే. కోట ఎక్కాం, మొజార్ట్ పుట్టిన పసుపు రంగు ఇల్లు చూశాం, అంతే.

భోజనం దగ్గర కంపెనీకి వంక పెట్టలేను. రాత్రిళ్ళు వేడిగా అన్నం, పప్పు, కూర, పెరుగు తప్పకుండా ఉండేవి, మధ్యాహ్నం కొండల మీద కూడా చాలాచోట్ల వేడిది దొరికేలా ఏర్పాటు చేశారు. అయినా మనవాళ్ళం కదా, కందిపొడి, ఆవకాయ సంచిలో ఉంటే ధైర్యం. కాకపోతే పాలకోవా, నెయ్యి, నేతి మిఠాయిలు పెట్టుకోకండి, పాలు, మాంసంతో చేసినవి బయటి దేశాల నుంచి తేనివ్వరు. వీసా పని కూడా ఆఫీసువాళ్ళు చక్కగా చూశారు, ఎక్కువ రోజులు స్విట్జర్లాండ్‌లో ఉంటాం కాబట్టి అక్కడికే అప్లై చేయించారు, 30,000 యూరోల ఇన్సూరెన్స్ ప్యాకేజీలోనే ఇచ్చారు. జీఎస్టీ, టీసీఎస్ (టూర్ డబ్బు కట్టేటప్పుడే ముందుగా వసూలు చేసే ఇన్‌కంటాక్స్) మాత్రం బ్రోషర్ రేటు మీద అదనం, టీసీఎస్ ఇన్‌కంటాక్స్ రిటర్న్‌లో సర్దుకోవచ్చు, ఆ కాగితం అడిగి తీసుకోండి.

బట్టల గురించి మీటింగ్‌లో "మందపాటి స్వెట్టర్ తెచ్చుకోండి" అని ఊరుకున్నారు, అది చాలదు. లోపల ఒంటికి పట్టే థర్మల్స్, మధ్యలో ఫ్లీస్, పైన గాలి చొరని జాకెట్, ఇలా మూడు పొరలు కావాలి. సర్జాపూర్ రోడ్డు డెకాథ్లాన్‌లో అన్నీ దొరికాయి. అమ్మ చీర వదలనంది, లోపల థర్మల్ ప్యాంటు, ఉన్ని మేజోళ్ళు వేసుకుని చీర కాస్త పైకి కట్టుకుంది, ఎక్కడా ఇబ్బంది పడలేదు. అన్నిటికన్నా ముఖ్యం బూట్లు. అక్కడ నడకదారుల మీద జారకుండా సన్న కంకర చల్లుతారు, అయినా నీడపట్టున గాజులా గడ్డకట్టిన చోట్లుంటాయి. మామూలు స్పోర్ట్స్ షూస్‌తో వచ్చిన ఒక ఆంటీ లూసర్న్‌లో జారిపడ్డారు, మణికట్టు వాచింది. ఆవిడతో ఆసుపత్రికి మేనేజరే వెళ్ళి, తిరిగొచ్చేదాకా భోజనం కూడా చెయ్యలేదు.

వచ్చాక పిలాటస్ రైలు, ట్రూమెల్‌బాక్ విషయం ఆఫీసుకి మెయిల్ పెట్టాను, సీజన్ టైంటేబుల్, బ్రోషర్ పేజీ రెండూ జతచేసి. మొదట వాతావరణం మా చేతిలో ఉండదన్నారు. ఇది వాతావరణం సంగతి కాదు, ఏటా ముందే ప్రకటించే మూసివేత అని మళ్ళీ రాశాను. కొన్ని వారాలు నడిచాక జలపాతం టికెట్ డబ్బులు వెనక్కిచ్చారు, పిలాటస్‌కి ఇవ్వలేదు. బ్రోషర్‌లో ఆ రైలు బొమ్మ మాత్రం తీసేశారు, మొన్న చూశాను.

వచ్చే డిసెంబర్ బ్యాచ్‌కి మా మామయ్య వాళ్ళు వెళ్దామనుకుంటున్నారు. అదే బళ్ళారి మేనేజర్‌ని ఇవ్వాలి, లూసర్న్, ఇన్స్‌బ్రుక్ హోటళ్ళు ఊళ్ళోనే ఉండాలి, వాడుట్స్ తీసి నోర్డ్‌కెట్టె పెట్టాలి, అప్పుడే అడ్వాన్స్ కడతామని ఆఫీసులో చెప్పి వచ్చాం. మేనేజర్ విషయం సరేనన్నారు. హోటళ్ళ సంగతి శుక్రవారం చెబుతామన్నారు.